కాగితపు వంతెన వెనుక మోక్షగుండం

ఇంజినీర్ల దినోత్సవం – ప్రత్యేక కథనం

పలాస: సెప్టెంబరు 15వ తేదీ సమీపిస్తున్నదంటే ఇంజినీరింగ్ కళాశాలల్లో పాత దినపత్రికలకు, తెల్లకాగితాలకు, జిగురు సీసాలకు ఎక్కడలేని గిరాకీ వస్తుంది. ఇంజినీర్ల దినోత్సవం పేరిట జరిపే పోటీలలో కాగితంతో వంతెన కట్టడం, కాగితంతో గోపురం నిలపడం విద్యార్థులకు మిక్కిలి ప్రీతిపాత్రమైనవి. నియమాలు సాధారణంగా సులభంగానే ఉంటాయి. ఇచ్చిన కాగితాలు, జిగురు, దారం తప్ప మరేదీ వాడరాదు. కట్టిన వంతెనను రెండు బల్లల నడుమ ఉంచి, మధ్యలో కొక్కెం తగిలించి, తూనికరాళ్లను ఒక్కొక్కటిగా వేలాడదీస్తారు. వంతెన తన బరువుకు ఎన్ని రెట్ల బరువు మోసి కూలిందన్నదే గెలుపునకు కొలమానం. సామాన్యంగా వాడే ఏ-4 కాగితం ఒక్కటి 5 గ్రాములు తూగుతుంది. ఇరవై కాగితాలు వాడినా కట్టడం బరువు 100 గ్రాములే. ఆ వంతెనకు కిలోల కొద్దీ రాళ్లు వేలాడుతుంటే చూడవచ్చిన పెద్దలు సైతం ఊపిరి బిగబట్టి నిలబడతారు.

ఈ దినోత్సవం ఎవరి జయంతి నాడు జరుగుతున్నదో ఆ మహనీయుని చిత్రపటానికి ఉదయం పూలమాల వేస్తారు. వక్తలు ఆయన గురించి ఐదు నిమిషాలు మాట్లాడతారు. ప్రభుత్వ పనికి ఒక కొవ్వొత్తి, సొంత పనికి మరొక కొవ్వొత్తి వెలిగించుకునేవారన్న కథ, రైలులో ప్రయాణిస్తూ చక్రాల చప్పుడును బట్టి పట్టా విరిగినదని పసిగట్టారన్న కథ ప్రతి సభలోనూ వినబడతాయి. అవి ఎంతవరకు నిజమో నిర్ణయించడం కష్టం. ఆయన కట్టినవాటికి మాత్రం అటువంటి సందేహం లేదు. ఆ కట్టడాల కథ కొవ్వొత్తుల కథకంటె ఎంతో రసవత్తరమైనది. కాగితంతో వంతెన కడుతున్న విద్యార్థికి పనికివచ్చేదీ అదే.

తెలుగు మూలాలు

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పూర్వికులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. కొన్ని తరాల క్రితం ఆ కుటుంబం మైసూరు సంస్థానానికి తరలివెళ్లింది. ఊరు విడిచినా పేరు విడవలేదు. నంది కొండల చేరువన, చిక్కబళ్లాపురం సమీపంలోని ముద్దెనహళ్లిలో 1860 సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. కొన్ని గ్రంథాలు 1861 అని పేర్కొంటున్నాయి. అయితే 1960లోనే దేశం ఆయన శతజయంతిని జరిపి తపాలా బిళ్లను విడుదల చేసింది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితులు, ఆయుర్వేద వైద్యులు. తల్లి వెంకటలక్ష్మమ్మ.

తండ్రి చిన్నతనంలోనే కన్నుమూయడంతో ఆ బాలుడు మేనమామ రామయ్య అండతో బెంగళూరులో చదువు సాగించవలసివచ్చింది. ఖర్చులకు చాలక ఒక కుటుంబంలోని పిల్లలకు పాఠాలు చెప్పి, ఆ ఆదాయంతో సెంట్రల్ కళాశాలలో చదివి 1881లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి బి.ఏ. పట్టా పొందారు. ఈ ఘట్టాన్ని ఉద్దానం పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. మూత్రపిండాల వ్యాధికి ఇంటి పెద్దను కోల్పోయి, తల్లి జీడిపప్పు పరిశ్రమలో కూలికి వెళ్తుంటే చదువుకుంటున్న పిల్లలు ఈ ప్రాంతంలో ఊరూరా కనిపిస్తారు.

మైసూరు దివాను రంగాచార్లు కాలంలో సంస్థానం మంజూరు చేసిన ఉపకారవేతనం ఆయనను పుణె సైన్సు కళాశాలకు చేర్చింది. 1883లో ఇంజినీరింగ్ పరీక్షలో బొంబాయి రాజధానికే ప్రథముడిగా నిలిచారు. మరుసటి ఏట బొంబాయి ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో సహాయ ఇంజినీరుగా నియమితులయ్యారు. ఉపకారవేతనం అందకపోయివుంటే ఆయన ఏ బడిలోనో ఉపాధ్యాయుడిగా స్థిరపడి ఉండేవారేమో.

ఇసుకే వడపోత యంత్రం

ఉద్యోగంలో చేరిన పదేళ్లకు, 1894 ప్రాంతంలో, సింధు నది ఒడ్డున ఉన్న సక్కరు పట్టణానికి మంచినీరు అందించే బాధ్యత ఆయనపై పడింది. నది నీరు బురదమయం. వడపోత తొట్లు నిర్మించడానికి పురపాలక సంఘం వద్ద సొమ్ము లేదు. విశ్వేశ్వరయ్య నది గర్భంలోనే, ఒడ్డుకు కొద్ది దూరంలో గుండ్రని బావి తవ్వించారు. ఇసుక పొరల గుండా ఊరి వచ్చే నీరు దానంతటదే తేటపడి బావిలోకి చేరుతుంది. ఊట చాలనప్పుడు బావి అడుగునుంచి నది కిందుగా సొరంగం తొలిపించి మరింత నీరు రాబట్టారు. ఆ నీటిని యంత్రాలతో పైకి తోడి పట్టణానికి పంపారు. వేలు ఖర్చుచేసి కట్టవలసిన వడపోత తొట్టి పనిని నదిలో ఉచితంగా పడివున్న ఇసుక చేసిపెట్టింది.

వంశధార, నాగావళి ఇసుక పర్రలలో ఊటబావుల నుంచి పట్టణాలకు నీరు తోడడం మన జిల్లా వాసులకు కొత్త కాదు. సూత్రం అదే. ఉద్దానం మాట వేరు. ఇక్కడ భూగర్భజలంపైనే జనానికి నమ్మకం సడలింది. వ్యాధికి అసలు కారణం ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు తేల్చకముందే, తాగేనీరు మార్చవలసిందేనన్న కోరిక ఊళ్లలో బలపడింది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని గొట్టాల ద్వారా ఉద్దానం గ్రామాలకు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కూడిన కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. గొట్టం వేయడం ఒక ఎత్తు. చివరి వీధి కుళాయి దాకా నిత్యం నీరు పారించడం మరొక ఎత్తు. విశ్వేశ్వరయ్య సక్కరులోనే కాక 1906లో ఎడారి ఓడరేవు ఏడెన్‌కు వెళ్లి నీటి సరఫరా, మురుగు పారుదలపై నివేదిక ఇచ్చినప్పుడూ ఈ రెండో ఎత్తు మీదనే దృష్టి నిలిపారు.

అదే కాలంలో పుణె వద్ద ఖడక్‌వాస్లా జలాశయంలో ఆయన చేసిన ప్రయోగం ఇంజినీర్లలో పేరు తెచ్చింది. వానాకాలంలో అదనపు నీరు అలుగు మీదుగా పొర్లి వృథా అయ్యేది. ఆనకట్ట ఎత్తు పెంచితే ఖర్చు, పైగా పాత గోడ ఆ భారం మోస్తుందో లేదోనన్న భయం. ఆయన గోడ జోలికి పోలేదు. అలుగుపై తనంతట తాను తెరుచుకునే తలుపులు అమర్చారు. నీరు నిర్ణీత మట్టం దాటగానే బరువుల సమతూకం మారి తలుపులు లేచేవి. వరద తగ్గగానే మూసుకునేవి. 1903 నాటికి అమరిన ఈ ఏర్పాటుతో సుమారు 8 అడుగుల మేర నీరు అదనంగా నిలిచింది. దీనికి ఆయన పేటెంటు పొందారు. అనంతరం గ్వాలియరు వద్ద టిగ్రా జలాశయంలోను, కృష్ణరాజసాగరంలోను ఇవే తలుపులు వాడారు.

1899లో నీరా కాలువ కింద ప్రవేశపెట్టిన బ్లాకు పద్ధతి గురించి వంశధార ఎడమ కాలువ శివారు రైతులు తప్పక తెలుసుకోవాలి. కాలువ ఎగువన ఉన్నవారు నీరంతా వాడుకుంటే దిగువవారికి తడి అందదు. ఆయకట్టును బ్లాకులుగా విభజించి, ఒక్కో బ్లాకులో కొంత భాగం చెరకుకు, కొంత వరికి, కొంత మెట్టపైర్లకు వంతులవారీగా కేటాయిస్తే నీరు ఎక్కువ గ్రామాలకు పంపిణీ అవుతుందని ఆయన ప్రతిపాదించారు. తొలుత ఎగువ రైతులు ఒప్పుకోలేదు. టెక్కలి, నందిగాం, పలాస మండలాల కాలువ చివర ఉన్నవారికి ఆ తగవు స్వరూపం బాగా తెలుసు.

మడతలోనే బలం

మళ్లీ కాగితం దగ్గరకు వద్దాం. రెండు పుస్తకాల నడుమ కాగితాన్ని చదునుగా పరిస్తే అది తన బరువుకే కుంగుతుంది. అదే కాగితాన్ని విసనకర్రలా మడతలు మడతలుగా మడిచి పరిస్తే గ్లాసు పెట్టినా నిలుస్తుంది. కాగితం మారలేదు. దాని లోతు మారింది. అడ్డంగా పరచిన దూలం లోతు రెట్టింపైతే వంగకుండా నిలిచే గుణం ఎనిమిది రెట్లు పెరుగుతుందని బలశాస్త్రం చెబుతుంది. మన ఇళ్లలో వడ్రంగులు దూలాన్ని వెడల్పు పక్క కాక నిలువుగా నిలబెట్టి అమర్చేది ఇందుకే.

కాగితాన్ని గట్టిగా చుట్టి గొట్టంగా చేస్తే మరో రహస్యం బయటపడుతుంది. వెదురు బోలుగా ఉండి కూడా కావిడి మోయగలగడానికి కారణమైన రహస్యమే అది. అయితే పొడవాటి గొట్టం బరువు పడితే నలగడానికి ముందే విల్లులా వంగిపోతుంది. దాని పొడవు సగానికి తగ్గిస్తే, వంగిపోకుండా మోయగల భారం నాలుగు రెట్లవుతుంది. అందువల్ల తెలివైన విద్యార్థులు పొడుగు గొట్టం వాడవలసినచోట మధ్యలో అడ్డకట్టు వేస్తారు. నాలుగు గొట్టాలు కలిపి చతురస్రం చేస్తే ఒక మూల నొక్కితే చాలు పక్కకు ఒరిగిపోతుంది. మూడు గొట్టాల త్రికోణం ఒరగదు. కమ్మల ఇంటి పైకప్పు వాసాలు మొదలు నదుల మీది రైలు వంతెనల దాకా త్రికోణాలు కనిపించేది ఇందుకే.

చాలా వంతెనలు కాగితం చిరిగి కూలవు. అతుకు వద్ద కూలతాయి. జిగురు ఆరకముందే బరువు వేయడం, కొక్కెం తగిలించే చోట మందం చాలకపోవడం, రెండు పక్కల ఎత్తు సమంగా లేకపోవడం, ఇవే ఎక్కువగా ఓటమికి కారణాలు. మన తీరంలో మరొక శత్రువు కూడా ఉన్నది. సముద్రపు గాలిలోని చెమ్మను కాగితం పీల్చుకుని మెత్తబడుతుంది. సెప్టెంబరు వానల్లో రాత్రి కట్టిన వంతెన తెల్లవారేసరికి సగం బలం కోల్పోవచ్చు. కొత్తవారు దీనిని లెక్కలోకి తీసుకోరు.

ఆట అని తేలిగ్గా చూడవలసిన పని కాదిది. 2013లో ఫైలిన్, 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ ఉద్దానాన్ని ఊడ్చిపెట్టిన తీరు చూసినవారికి కట్టడం బలం ఎంత విలువైనదో తెలుసు. తిత్లీ పలాసకు చేరువలో తీరం దాటినప్పుడు గంటకు 140 కిలోమీటర్లకు మించిన గాలులు వీచాయి. కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. వేల సంఖ్యలో విద్యుత్ స్తంభాలు ఒరిగిపోయి రోజుల తరబడి ఊళ్లు చీకట్లో మగ్గాయి, మోటార్లు తిరగక తాగునీటికి కటకటలాడాయి. స్తంభం ఎంత లోతున పాతాలి, పైకప్పును గోడకు ఎలా బిగించాలి, అతుకు ఎక్కడ బలహీనం అన్నవి కాగితపు వంతెన అడిగే ప్రశ్నలే. టెక్కలిలో ఐతమ్ కళాశాల 2001లోను, ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలో ట్రిపుల్ ఐటీ 2016లోను వచ్చాక ఈ ప్రశ్నలు అడగగల యువత జిల్లాలోనే తయారవుతున్నది.

మూసీ వరద నుంచి కావేరీ ఆనకట్ట దాకా

విశ్వేశ్వరయ్య 1908లో బొంబాయి ప్రభుత్వోద్యోగం నుంచి స్వచ్ఛందంగా వైదొలిగారు. ఆ ఏడాది సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదును ముంచెత్తింది. వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. నగరంలో పెద్ద భాగం శిథిలమైంది. నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై ఆయన 1909లో హైదరాబాదు చేరారు. అందరి కళ్లూ నగరంలోని కూలిన గోడలపై ఉండగా ఆయన నగరం వదలి ఎగువకు నడిచారు. పరివాహక ప్రాంతంలో ఎంత వాన కురిసింది, ఎన్ని చెరువులు ఉన్నాయి, అందులో ఎన్ని తెగాయి అన్న లెక్క కట్టారు. ఒక చెరువు గండిపడి దిగువ చెరువుపై పడడం, అదీ తెగడం, ఇలా గొలుసుకట్టు చెరువులు తెగి వరద రెట్టింపయ్యిందని గుర్తించారు. గెడ్డలు పొంగి చెరువుల గట్లు తెగిన అనుభవం ఉన్న మన పల్లెలకు ఆ లెక్క సులభంగానే అర్థమవుతుంది.

ఒడ్డున గోడలు కట్టడం కాదు, నగరానికి ఎగువన వరదను నిలిపే జలాశయాలు కట్టాలన్నది ఆయన ప్రతిపాదన. దాని ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. నిర్మాణ దశలో నవాబు అలీ నవాజ్‌జంగ్ వంటి ఇంజినీర్ల కృషి మరువరానిది. తెలంగాణలో ఆయన జయంతి జులై 11ను ఇంజినీర్ల దినంగా జరుపుకుంటున్నారు. వరదను ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే దశాబ్దాల పాటు హైదరాబాదుకు మంచినీరు ఇచ్చాయి. నగర మురుగు పారుదల పథకాన్నీ విశ్వేశ్వరయ్యే రూపొందించారు.

1909 నవంబరులో మైసూరు సంస్థానం చీఫ్ ఇంజినీరుగా చేరిన తరువాత కావేరిపై కన్నంబాడి వద్ద ఆనకట్ట తలపెట్టారు. సంస్థానపు ఖజానా ఇంత భారం మోయగలదా అని సొంతవారే సందేహించారు. దిగువన ఉన్న మద్రాసు ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. ఆ తగవు మధ్యవర్తిత్వం దాకా వెళ్లింది, 1924 ఒప్పందంతో గాని కొలిక్కి రాలేదు. మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు అండగా నిలవడంతో 1911లో పని మొదలై రెండు దశాబ్దాలు సాగింది. ఆనకట్టకు సిమెంటు వాడలేదు. రాయి, సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ గారతోనే కట్టారు. మన తాతలు మేడలకూ బావులకూ వాడిన గార అదే. నిలబడినది పదార్థం ఖరీదు వల్ల కాదు, లెక్క సరిగా ఉండడం వల్ల, పని ఒళ్లు దాచుకోకుండా చేయడం వల్ల. మండ్య ప్రాంతపు మెట్ట భూములు చెరకు తోటలైనది ఆ నీటితోనే.

దివానుగా

1912 నుంచి 1918 వరకు ఆయన మైసూరు దివాను. 1913లో మైసూరు బ్యాంకు, 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరు ఇంజినీరింగ్ కళాశాల ఆయన హయాంలో వెలిశాయి. గంధపు నూనె పరిశ్రమ ఆ కాలానిదే. 1915లో బ్రిటిషు ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది.

పదవి వీడిన కారణాన్ని జయంతి సభలలో ఎవరూ ప్రస్తావించరు. బ్రాహ్మణేతర వర్గాలకు ఉద్యోగాలలో ప్రాతినిధ్యం పెంచే విషయమై మహారాజు 1918లో మిల్లర్ సంఘాన్ని నియమించారు. యోగ్యత తగ్గుతుందన్న వాదనతో విశ్వేశ్వరయ్య దానిని వ్యతిరేకించి వైదొలిగారు. మహారాజు మాత్రం ముందుకే సాగారు. ఈ విషయంలో దివాను కంటె రాజుదే దూరదృష్టి అని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఉపకారవేతనం లేనిదే పుణె చేరలేకపోయిన వ్యక్తి, చేయూత ఎవరికి ఎంత అవసరమో మరింత ఉదారంగా ఆలోచించి ఉండవలసింది. నేడు ఉద్దానంలోని మత్స్యకార, రైతు కుటుంబాల బిడ్డలు ఇంజినీరింగ్ తరగతి గదుల్లో కూర్చోగలుగుతున్నారంటే రిజర్వేషన్లు, ఫీజు రీయింబర్సుమెంటు వంటివే కారణం. ఆయన గొప్పతనాన్ని తలచుకునేటప్పుడు ఈ సంగతి దాచనక్కరలేదు.

పదవి పోయినా పని ఆగలేదు. నష్టాల్లో ఉన్న భద్రావతి ఇనుప కర్మాగారాన్ని చేపట్టి దారికి తెచ్చారు. ఆ సేవకు తనకు రావలసిన వేతనాన్ని యువకులకు చేతిపనులు నేర్పే సంస్థకు మళ్లించారు. 1943లో బెంగళూరులో వెలసిన జయచామరాజేంద్ర వృత్తి విద్యాసంస్థ ఆ విధంగా ఏర్పడినదే. దేశానికి ప్రణాళిక అవసరమంటూ 1934లోనే గ్రంథం రాశారు.

మన పొరుగున

ఆయన జీవితంలో మన ప్రాంతానికి అతి చేరువగా వచ్చిన ఘట్టం 1937 నాటిది. అంతకు ముందు ఏడాది 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడగా, గంజాం జిల్లాలో ఉన్న టెక్కలి, పలాస తదితర ప్రాంతాలు మద్రాసు రాజధానిలోనే ఉండిపోయి విశాఖపట్నం జిల్లాలో చేరాయి. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న గాని రూపొందలేదు. కొత్త రాష్ట్రంలో మహానది 1937లో ఉప్పొంగి డెల్టాను ముంచింది. అప్పటికి 77 ఏళ్ల వయస్సున్న విశ్వేశ్వరయ్య ఆ వరదలను పరిశీలించి, గట్లను నమ్ముకోక నది ఎగువన జలాశయాలు నిర్మించాలని సూచించారు. హైదరాబాదులో చెప్పినదే మళ్లీ చెప్పారు. ఆ ఆలోచన తరువాత హిరాకుడ్‌గా పరిణమించింది. 1946లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట 1957లో ప్రారంభమైంది.

1955లో భారతరత్న లభించింది. అంతకు మునుపే, తొంభై దాటిన వయస్సులో, బీహారులోని మొకామా వద్ద గంగపై వంతెన ఎక్కడ కట్టాలో నిర్ణయించే పని ఆయనకు అప్పగించారు. రైలు, రోడ్డు రెండూ సాగే ఆ వంతెన 1959లో ప్రారంభమైంది. దానికి రాజేంద్ర సేతు అని పేరు. నూరేళ్లు దాటిన తరువాత 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో ఆయన కన్నుమూశారు. 1968 నుంచి ఆయన జయంతిని దేశమంతటా ఇంజినీర్ల దినోత్సవంగా పాటిస్తున్నారు. సమాధి పుట్టిన ఊరు ముద్దెనహళ్లిలోనే ఉన్నది. చిన్ననాటి ఇంటిని స్మారక ప్రదర్శనశాలగా భద్రపరిచారు.